సేటు ఓటు వేరు, సేటు బాండు వేరు
(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



'ఫలానా మిల్లు సేటు ఫలానా పార్టీ, వాళ్లకు వడ్లు అమ్మొద్దు' అని మనలో కొందరు అంటున్నరు. నేను ఒప్పుకోను. ఆయన ఓటు ఆయన ఇష్టం. సేటును కాంటా దగ్గర చూడాలె. కరీంనగర్‌ల వడ్లకు తరుగు ఎంత తీస్తున్నడు, ఆదిలాబాద్‌ల పత్తికి తేమ ఎంత రాస్తున్నడు, పైసలు ఎన్నడు ఇస్తున్నడు, ఇవి అడగాలె.

పార్టీలకిచ్చే పైసల సంగతి మాత్రం వేరు. ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిదాకా ఎవరు ఎవరికిచ్చిన్రో జనానికి తెల్వదు. మార్చిల లెక్కలు బయటపడ్డయి. మన లక్ష్మీపూర్ పంపుహౌస్ కట్టిన మేఘా కంపెనీ 966 కోట్ల బాండ్లు కొన్నది. ఎక్కువ బీజేపీకి, తర్వాత బీఆర్‌ఎస్‌కు, ఇంకా వేరే పార్టీలకూ పోయినయి. అప్పటి చట్టం ఒప్పుకున్నదే. కానీ ఒకరితో ఒకరు కొట్లాడే పార్టీలకు ఒకే చెయ్యి ఇస్తే, దాన్ని రాజకీయ విశ్వాసమంటమా?

సర్కారు కాంట్రాక్టు మన పన్నులతో నడుస్తది. అందుకే పని చేసే కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో పని జాగల బోర్డు మీదనే రాయాలె. ఈ తీర్మానం మీ ముందు పెడుతున్న.