ఐదో తరగతి తర్వాత వచ్చే 50 రోజులు

(హైదరాబాదు పాతబస్తీలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఈ సభలో ఎక్కువగా ఉన్నందున తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఉర్దూ మాత్రమే తెలిసిన సోదరీమణులకు పక్కనున్న వారు దయచేసి చెప్పవలసినదిగా మనవి.

"మా బిడ్డ ఈ ఏడు ఐదో తరగతి. మేమేమి ఆశించాలి?" అన్నది మీరు మా ముందుంచిన ప్రశ్న. చాలామంది మార్కుల సంగతి అడగదలచి వచ్చారని మాకు తెలుసు. మార్కుల గురించి మేము చెప్పగలిగింది స్వల్పం. ఏప్రిల్ చివర బడి మూసినప్పటి నుండి జూన్ రెండో వారంలో తెరిచే వరకు సుమారు 50 రోజుల వ్యవధి ఉంటుంది. ఐదో తరగతి వరకే ఉన్న బడిలో చదివిన పిల్లకు ఆ 50 రోజులలో ఏ బడీ తనది కాదు. పాత బడి రిజిస్టరులో పేరు ముగిసింది, కొత్త బడి రిజిస్టరులో ఇంకా ఎక్కలేదు. మన పిల్లలు జారిపోయేది ఆ సందులోనే. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, 6 నుండి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికలలో నాలుగోవంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానినవారో. ఆనాటి పిల్లలే నేడు తల్లిదండ్రులై ఈ సభలో కూర్చున్నారు.

ముందుగా చదువు సంగతి. ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నీ చెబుతారు. పిల్లవాడి తల్లి పేరు కూడా వారికి తెలిసి ఉంటుంది. ఆరో తరగతిలో గంటకొక ఉపాధ్యాయుడు మారతాడు. పరిసరాల విజ్ఞానమన్న ఒక్క పుస్తకం సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం అని రెండుగా చీలుతుంది. అందువలన ఐదులో చురుకుగా ఉన్న పిల్ల ఆరులో దసరా వరకు తికమక పడుతుంది, మార్కులు తగ్గుతాయి. అది ఆశించదగినదే. "దీనికి చదువు రాదు, పనిలో పెడదాం" అన్న తీర్పు ఆ నెలలలోనే వెలువడుతున్నందున ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము.

ఐదు ముగిసేసరికి బిడ్డకు ఏమి వచ్చి ఉండాలి? ప్రథమ్ సంస్థ 2005 నుండి అసర్ పేరుతో జరుపుతున్న సర్వేలో పిల్లల చేత రెండో తరగతి స్థాయి కథ ఒకటి చదివిస్తారు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటారు. అది గ్రామీణ సర్వే. మన గల్లీలకు ఎవరూ ఆ కాగితం పట్టుకుని రారు. మీరే చేయండి. అక్షరం రాని తల్లి కూడా చేయగలదు. కరెంటు బిల్లు చేతికిచ్చి గడగడా చదవమనండి, తడబడితే మీకే తెలుస్తుంది. 456 గాజులను 6 డబ్బాలలో సమానంగా సర్దితే డబ్బాకు ఎన్నని అడగండి. 76 అని చెప్పలేకపోతే వెంటనే బడికి వెళ్లి ఉపాధ్యాయుని కలవండి. ప్రాథమిక తరగతులలో ఈ పునాది కొరకే 2022లో రాష్ట్ర ప్రభుత్వం తొలిమెట్టు కార్యక్రమం ప్రారంభించింది. మా బిడ్డ అందులో ఏ మెట్టు మీద ఉందని అడిగే హక్కు మీకున్నది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కుర్చీలు మనవి.

భాష విషయం తరచుగా మరుగున పడుతుంది. మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది గాని, అది ప్రాథమిక దశకే పరిమితం. ఉర్దూ మాధ్యమంలో ఐదు చదివిన పిల్లకు తరువాతి బడిలో ఉర్దూ మాధ్యమం ఉన్నదో లేదో ఇప్పుడే వెళ్లి కనుక్కోవాలి. లేనిచోట కనీసం ఉర్దూను ఒక భాషగా చెప్పే ఉపాధ్యాయుడు ఉన్నాడా అని అడగాలి. 2018 చట్టంతో తెలుగు అన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు వచ్చిన మనం పక్కింటి ఉర్దూ పిల్లలకు సాయంకాలం అరగంట కేటాయిస్తే అదీ ఒక సదకాయే.

ఇక ప్రవేశం. విద్యాహక్కు చట్టం 5వ సెక్షను సరిగ్గా మన పరిస్థితి కొరకే రాసినట్లుంటుంది. ఎనిమిదో తరగతి వరకు లేని బడిలో చదివిన బిడ్డకు ప్రభుత్వ లేక ఎయిడెడ్ బడికి మారే హక్కున్నది. బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలి. ఆలస్యమైనదన్న సాకుతో చేరే బడివారు ప్రవేశం నిరాకరించరాదు. ఫీజు బాకీ ఉందని ఏ ప్రైవేటు బడివారైనా కాగితం బిగబట్టినా, ప్రభుత్వ బడి తలుపు మూయడానికి వీలులేదు. ప్రవేశానికి పిల్లకు గాని మీకు గాని పరీక్ష పెట్టడాన్ని 13వ సెక్షను నిషేధిస్తున్నది. మొదటి తప్పుకు ₹25,000 వరకు జరిమానా. ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష, కనుక అర్జీ ఉర్దూలో రాసినా అర్జీయే.

మైనారిటీ గురుకులాల గురించి ఒక హెచ్చరిక. 2016లో 71 బడులతో మొదలై 204కు చేరిన ఆ గురుకులాలలో కొత్త ప్రవేశం ఐదో తరగతిలో జరుగుతుంది. ఐదు పూర్తయ్యాక ఆలోచించేవారికి మిగిలేవి పై తరగతుల ఖాళీలు మాత్రమే. నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులారా, ఈ మాట మీకు. ఉపకారవేతనం మీద ఆశ పెట్టుకున్నవారు కూడా తెలుసుకోవలసింది ఉన్నది: కేంద్రం ఇచ్చే మైనారిటీ ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనం 2022-23 నుండి 9, 10 తరగతులకే పరిమితమైంది. ఆరు నుండి ఎనిమిది వరకు ఆ సొమ్ము రాదు. పిల్లలు ఎక్కువగా జారే చోటనే ఆసరా తీసివేయడం అన్యాయమని మేము అప్పుడే అన్నాము, ఇప్పుడూ అంటున్నాము.

కాగితాల విషయంలో కొంత విస్తరించడానికి అనుమతించండి. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన చేతులివి. ప్రాథమిక బడి నుండి వెళ్లేటప్పుడు ఇచ్చే రికార్డు షీటును మీరు చదవకుండా మడిచి జేబులో పెట్టుకోకండి. దానిలోని పేరు, పుట్టిన తేదీ హైస్కూలు రిజిస్టరులోకి, అక్కడి నుండి పదో తరగతి మెమోలోకి ఎక్కుతాయి. ఆ తరువాత సవరణ అంటే ఏళ్ల తరబడి తిరుగుడే. ఆధార్‌లో మొహమ్మద్, జన్మ ధ్రువపత్రంలో ఎం.డి., బడిలో మహమ్మద్. తల్లి పేరు ఒకచోట బేగం, మరొకచోట బీ. తేదీ తెలియక జూన్ 1 అని వేసిన పిల్లలు ఒకే ఇంట్లో ఇద్దరిని చూశాము! నవ్వకండి, అటువంటి ఇళ్లు ఈ సభలోనూ ఉండవచ్చు. కులం గడిలో ఉత్త 'ముస్లిం' అని రాయడం మరొక పొరపాటు. 2007 చట్టం 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను కల్పించింది. షేక్ అయితే షేక్ అని రాయించండి. దూదేకులవారు బీసీ-బి కిందికి వస్తారు. బిడ్డ ఐదో తరగతిలో ఉండగానే తగిన పత్రాలతో ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.

చెప్పడానికి కష్టమైన మాట ఆడపిల్లలది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలు. పత్రికలన్నీ రాశాయి, మనమూ బాధపడ్డాము. అయితే ఇంట్లోనే నేలపై కూర్చుని లక్క గాజులకు రాళ్లు అద్దే పదకొండేళ్ల మన అమ్మాయిని విడిపించడానికి ఏ జీపూ రాదు. ఇంటి పనిలో సాయం చేయడానికి 2016 చట్ట సవరణ అనుమతించింది నిజమే. అదీ బడి వేళల తరువాత, సెలవులలో, చదువుకు భంగం కలగకుండా మాత్రమే. సెలవులలో మొదలైన పని జూన్‌లో ఆగదు. డజనుకు వచ్చే ఆ కొద్ది రూపాయలు ఇంటికి అలవాటవుతాయి, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఆమె వంతవుతుంది. "పెద్దదవుతున్నది, హైస్కూలు దూరం, మగపిల్లలుంటారు" అన్న మాట నాన్నమ్మ నోట వస్తుంది. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయము. ఒకే గల్లీ నుండి నలుగురైదుగురు అమ్మాయిలను ఒకే బడిలో చేర్చండి, తల్లులు వంతులవారీగా తోడు వెళ్లండి, ఆ బడిలో మరుగుదొడ్డికి గడియ ఉన్నదో లేదో ప్రవేశానికి ముందే చూడండి. ఈ వయసులో శరీరంలో వచ్చే మార్పును తల్లి ముందుగానే చెప్పి ఉంచాలి. తెలియక బెదిరిన పిల్ల బడి మానడానికి తానే కారణం వెదుక్కుంటుంది.

మగపిల్లలలో కొందరు ఐదు తరువాత హిఫ్జ్‌కు వెళతారు. శుభం. బడికి తిరిగి వచ్చే దారి కూడా అదే రోజు నిర్ణయించుకోండి. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను చెబుతున్నది. ఆ వయసూ దాటితే, 14 నిండినవారు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయవచ్చు.

ఆధార్, జన్మ ధ్రువపత్రం వెంట తెచ్చినవారు నమాజు తరువాత ఆ మూల బల్ల దగ్గరకు రండి. మా మిత్రులు ముగ్గురు కూర్చుంటారు, పేర్లు సరిచూసి అర్జీ రాసి ఇస్తారు. తేనివారు వచ్చే ఆదివారం తీసుకుని రండి. నాలుగో తరగతి పిల్లలున్నవారు ముందు వరుసలో నిలబడగలరు.