జేబులో పట్టే పుస్తకం

మనలో చాలామందికి అరవై దాటాయి. పేర్లు నాలుక చివరే ఆగిపోతున్నాయి. అందుకే రెండు నిమిషాలు జేబు పుస్తకం గురించి చెబుతాను.

చొక్కా జేబుకు ఏ7 సైజు సరిపోతుంది: వెడల్పు 74 మిల్లీమీటర్లు, పొడవు 105. ఏ6 అయితే చేతిసంచికి బాగుంటుంది గానీ జేబులోంచి తల బయటపెడుతుంది, వంగితే జారిపడుతుంది. స్పైరల్‌ది కొనకండి. తీగ చివర చొక్కా దారాలు లాగుతుంది (ఇంట్లో చీవాట్లు అదనం). జిగురుతో అంటించినవాటికి కాగితాలు ఊడతాయి. నడుమ దారంతో కుట్టినదే నయం. ఇంకుపెన్ను వదలనివాళ్లు 80 జీఎస్ఎంకి తగ్గని కాగితం చూసుకోండి, పలచనిదైతే సిరా వెనక్కి దిగుతుంది. నేను మాత్రం బాల్‌పెన్నే వాడతాను. దాని ఇంకు నూనెది, చెమటకు అలుక్కుపోదు.

ఖరీదైన తోలు అట్టది వద్దు. దాంట్లో కూరగాయల లెక్క రాయడానికి చేయి రాదు. మా అమ్మ చివరి ఏడాది షుగరు లెక్కలు, ఆవిడ ఏ పూట ఎంత తిన్నదీ, ఇరవై రూపాయల పుస్తకంలోనే రాశాను. వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు ముందు అదే అడిగేవారు. ఆ పేజీల మధ్యే అమ్మ చెప్పిన ఆవకాయ కొలతలూ ఉన్నాయి.