సిద్ధము – శేషము
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగపాఠము)

బడిలో సంస్కృతము చెప్పుకొని కాలము గడపిన మమ్ము రొక్కపు వ్యవహారమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో జమాఖర్చుల విచారణ మిక్కిలి సూక్ష్మముగా నున్నది. ఖజానాకు చేరినది మొదలగువానిని ‘సిద్ధ’మనియు, ఇంకను రావలసినదానిని ‘శేష’మనియు నాతడు వేఱుపఱచెను. ఆయమునుండి వ్యయము పోగా నిలిచినది ‘నీవి’. నేటి మన చిన్న కార్ఖానాల కష్టము చాలవఱకు ఈ సిద్ధశేషముల భేదమును మఱచుటవలననే కలుగుచున్నదని మా యభిప్రాయము.

పూర్వము గ్రామములలో మన కమ్మరులు ఏడాది పొడవున నాగళ్లు, కొడవళ్లు బాగుచేసి, కోతలనాడు కళ్లమున మేర కొలిపించుకొనెడివారు. అదియు అరువే. అయినను ఇనుము రైతు తెచ్చియిచ్చినచో వారు అరువిచ్చినది తమ చెమటను మాత్రమే. 1933లో విశాఖపట్టణమున రేవు తెఱవబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. గాజువాక ఆటోనగరులో లేతు యంత్రములు పెట్టుకొన్న మనవారు ఇపుడు ఇనుమును తామే కొనుచున్నారు. చెమటతోపాటు ఇనుమును గూడ అరువిచ్చుచున్నారు. పని పెరిగినకొలది చేతిలో రొక్కము తఱుగుట కిదియే కారణము.

లెక్కవేసి చూతము. ఒకరికి అయిదు లక్షల పని దొరకినదనుకొందము. ఇనుము మూడు లక్షలు, కూలి లక్ష, లాభము లక్ష. ఇనుముపై నూటికి 18 చొప్పున పన్ను 54,000. అమ్మకముపై పన్ను 90,000; అందు ఇనుముపై కట్టినది పోగా 36,000 మరుసటి నెల 20వ తేదీలోగా చెల్లింపవలెను. కొన్నవాడు సొమ్మిచ్చెనా యని ఆ పన్ను అడుగదు. ఇనుప వర్తకునికి పదునైదు దినముల గడువు, పనివారికి ప్రతి శనివారము కూలి. బిల్లు సొమ్ము మూడు నెలలకు వచ్చును. అంతలో చేతినుండి పోవునది 4,90,000. రెండవ నెల, మూడవ నెల అట్టి పనులే వచ్చినచో 14,70,000 కావలయును. చిట్టాలో లాభము మూడు లక్షలు, గల్లాపెట్టెలో శూన్యము! ఒక్క పనికే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినను మూడు నెలలకు 29,400 లాభమునుండి పోవును. ధర కుదుర్చుకొనునపుడు ఈ వడ్డీని గణించువారు మాకు మిక్కిలి అరుదుగా కనబడినారు.

2006వ సంవత్సరపు చట్టము ప్రకారము చిన్న పరిశ్రమలవారికి కొనుగోలుదారుడు ఒడంబడిక యున్నను 45 దినములకు మించి బాకీ పెట్టరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇచ్చుకొనవలెను. దీనికి ఉద్యం నమోదు ఉండవలెను. ఫిర్యాదు చేసినచో మరల పని ఈయరేమో యని భయము. ఆ భయము నిష్కారణమని మేమనము. అందుచేతనే ‘ట్రెడ్స్’ పద్ధతి మనవారికి మేలైనదని తలచుచున్నాము. అందు కొనుగోలుదారుడు బిల్లు నంగీకరించినచో బ్యాంకు కొంత తగ్గించుకొని సొమ్ము ముందే యిచ్చును; అతడు పిమ్మట ఎగవేసినను ఆ భారము మనపై పడదు. 250 కోట్లకు మించిన వార్షిక విక్రయము గల కంపెనీలన్నియు అందు చేరవలెనని 2024లో కేంద్రప్రభుత్వము ఉత్తరువు చేసినది. కనుక కొత్త పని ఒప్పుకొనునపుడు వారినడుగుటలో సంకోచ మక్కఱలేదు.

బయానా లేక కొలిమి ముట్టించని పెద్దలు మనకుండిరి. నేడు బయానా అడుగుట నామోషీ అయినది! బయానా ఈయనివారిని ఇనుమైనను ఇమ్మని అడుగవలెను. లాభము కొంత తగ్గినను రాత్రి నిద్ర పట్టును. ఇంటి ఖర్చునకు నెలకింతయని జీతమువలె తీసికొనవలెను గాని, పిల్ల పెండ్లికి గల్లాపెట్టె తెఱవరాదు. పన్ను సొమ్మును వేఱు ఖాతాలో నుంచుట మేలు.

ప్రతి శనివారము కూలి పంచిన తరువాత ఒక కాగితముపై రాబోవు పదుమూడు వారములకు గీతలు గీసి, ఏ వారము ఎంత వచ్చునో, ఎంత పోవునో, నీవి ఎంతయో వ్రాయుడు. వచ్చుననుకొన్నది శేషములోనే వ్రాయుడు. బ్యాంకులో పడిన దినముననే సిద్ధమునకు మార్చుడు. నీవి ఏ వారమున సున్నకు దిగునో ఆఱు వారములు ముందే తెలిసినచో, బ్యాంకువారి నడుగుటకును, ఇనుప వర్తకుని గడువు కోరుటకును వేళ యుండును. పదవ తరగతి చదివిన మన ఆడపిల్లలు దీనిని చక్కగా వ్రాయగలరు. మాదిరి కాగితములు కొన్ని తెచ్చితిమి. భోజనానంతరము కావలసినవారు తమ పద్దులతో వచ్చినచో కూర్చుండి వ్రాయుదము.