పసిపిల్లలతో పరదేశ ప్రయాణము
(షోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ ఊళ్ళో ఇవాళ ఒకే వీధిలో మన ఇంట ఉగాది పచ్చడి, ఎదురింట గుఢీ పాడ్వా. వారి గుఢీకి వేపకొమ్మ కడతారు, మనం పచ్చడిలో వేపపువ్వు వేస్తాము. ఇల్లు వదిలి వచ్చినవారు కొత్త ఊరిలో ఎట్లా కుదురుకుంటారో చెప్పడానికి ఈ వీధి చాలు. నేను మాట్లాడవలసిన విషయము కూడా అదే: పసిపిల్లలను వెంటబెట్టుకొని లోకము చూడబోవచ్చునా, కూడదా?

టిక్కెట్టు కిటికీ వెనుక కూర్చునే గుమాస్తాకు ప్రపంచయాత్రతో పనేమిటని మీరు అడగవచ్చు. నా పని రైలు వరకే. అయినా కిటికీ ముందు నిలబడిన యువదంపతులు చంకలో బిడ్డను ఎత్తుకొని అడిగే ప్రశ్నలు రైలుతో ఆగవు. బొంబాయికి టిక్కెట్టు కొనేవారిలో అక్కడ విమానము ఎక్కి దుబాయికో, జర్మనీకో పోయేవారు ఉంటారు. కొందరిది ఉద్యోగము, కొందరు కూడబెట్టిన డబ్బుతో ఒక ఏడాది దేశాలు చూసి రావాలనుకునేవారు. ఇద్దరికీ ఇంట్లో వినిపించే మాట ఒకటే: “పసివాళ్ళతో ఎందుకు? పిల్లలను మా దగ్గర వదిలి మీరు వెళ్ళండి.”

మనవారికి ప్రయాణమంటే పిల్లల పెండ్లిళ్ళు అయి, పింఛను వచ్చిన తరువాత చేసేది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత ఊరకే పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీయాత్ర చేసి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు 3 అయినది. వెంట సుమారు నూరుమంది పరివారము. అటువంటి రోజులలో పెద్దలు భయపడ్డారంటే అర్థమున్నది. ఇప్పుడు దారులు మారినవి గాని, మనసులోని దారి ఇంకా పాతదే.

అయితే ఒక సంగతి మరువరాదు. తెలంగాణా పల్లెల నుండి మగ్గము పని చేతబట్టుకొని ఈ ఊరికి వచ్చిన మన తాతముత్తాతలు పిల్లలను ఇంటివద్ద దించి రాలేదు. 1877లో ఇక్కడ బట్టలమిల్లు వెలిసిన తరువాత పనికోసము వచ్చినవారు సంసారాలతోనే వచ్చారు. అప్పుడు చంకనెక్కి వచ్చిన పిల్లల సంతానమే ఈ సభలో కూర్చున్న మనము. కనుక పసిపిల్లలతో ఇల్లు వదలడము మనకు కొత్త కాదు. అది ఎట్లా చేయాలన్నదే ఆలోచించవలసినది.

ఇందుకు ఒక కుటుంబము కథ చెబుతాను. 1896 నవంబరు నెలాఖరున గాంధీగారు కస్తూరిబాను, ఇద్దరు కొడుకులను, అక్క కుమారుని వెంటబెట్టుకొని బొంబాయిలో ‘కోర్లాండ్’ అనే ఓడ ఎక్కారు. పిల్లలలో పెద్దవానికి పదేండ్లు, చిన్నవానికి నాలుగైదేండ్లు. నేటాలు చేరడానికి నాలుగు రోజులున్నదనగా పెద్ద తుపాను వచ్చింది. ఒక రోజంతా ఓడ ఊగిపోయింది. హిందువులు, ముస్లిములు కలిసి దేవుని తలచుకున్నారు. డర్బను రేవు చేరిన తరువాత బొంబాయిలోని ప్లేగు పేరు చెప్పి దిగనివ్వలేదు. భారతీయులు దిగరాదని ఒడ్డున తెల్లవారు పట్టుబట్టారు. డిసెంబరులో చేరిన ఓడలోనివారు 1897 జనవరి 13న గాని దిగలేదు. పిల్లలను తల్లితోపాటు బండిలో ముందుగా స్నేహితుల ఇంటికి పంపారు. తరువాత నడిచి వచ్చిన తండ్రిని గుంపు కొట్టింది. పోలీసు అధికారి భార్య అడ్డు నిలిచి కాపాడింది.

ఇంత పెద్ద సంగతుల నడుమ గాంధీగారు తన ఆత్మకథలో చిన్న సంగతి ఒకటి మరువక వ్రాశారు. అది పిల్లల బూట్లు. నాగరికులుగా కనబడాలని భార్యకు పార్సీ తీరు చీర, పిల్లలకు పార్సీ కోటు, షరాయి, అందరికీ బూట్లు, మేజోళ్ళు తొడిగించారు. బూట్లు కాళ్ళను నొక్కినవి, మేజోళ్ళు చెమటకు కంపుకొట్టినవి, వ్రేళ్ళు పుండ్లు పడినవి. తుపాను ఒక రోజులో పోయింది. బూట్ల బాధ చాలా కాలమున్నది. పసిపిల్లలతో ప్రయాణము చేసేవారు దీనిని గుర్తుంచుకోవాలి. పెద్దలు తుపానులకు భయపడతారు. పిల్లలను బాధించేది కాలికి కరిచే బూటు, సమయానికి దొరకని అన్నము, తెగిపోయిన నిద్ర.

రెండవది చదువు. డర్బనులో తెల్లవారి బడిలో తన పిల్లలను ప్రత్యేక దయమీద చేర్పించే వీలున్నా, ఇతర భారతీయ బాలురకు లేనిది తమకు వద్దని గాంధీగారు చేర్పించలేదు. తానే చెప్పబోయారు, తీరిక చాలలేదు. నెలకు ఏడు పౌనుల జీతముపై ఒక ఆంగ్ల వనితను పెట్టారు, అదీ తృప్తినివ్వలేదు. పసివారిని తల్లిదండ్రులకు దూరము చేయరాదని ఆయన నమ్మకము. అందుచేత స్వదేశపు బడులకు పంపినవారిని కూడా కొద్ది నెలలకే వెనుకకు రప్పించారు. ఇంట్లో పిల్లలతో గుజరాతీలోనే మాట్లాడేవారు. అయినా బడి చదువు దక్కలేదన్న కొరత కొడుకులకు మిగిలింది. పెద్ద కుమారుడు పెరిగి పెద్దవాడైన తరువాత తండ్రిని విడిచి అహమదాబాదుకు వచ్చి హైస్కూలులో చేరాడు. పిల్లలను దగ్గర ఉంచుకోవడములో, భాష నిలుపుకోవడములో ఆ తండ్రిని మెచ్చుకుంటాను. చదువు విషయములో ఆ కొడుకు బాధనూ కాదనలేను.

ఆ నేటాలులోనే మన తెలుగువారి పిల్లలూ ఉన్నారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను చేరింది. చెరకు తోటలలో కూలికి ఒడంబడికపై పోయినవారు వారు. వారిది లోకము చూసే సరదా కాదు, కడుపు తీసుకుపోయిన ప్రయాణము. వారి సంతతివారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. ఇంటిపేర్లు, పూజలు, భజనలు తరాలుగా నిలుపుకున్నారు. ఇంట మాట మాత్రము చాలామందికి ఇంగ్లీషే అయినది. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని పండుగ నిలిచినంత తేలికగా మాట నిలవదని తెలుసుకోవచ్చు. పండుగ ఏటా ఒకసారి జరుపుకుంటే బ్రతుకుతుంది. భాషకు ప్రతిరోజూ కావాలి.

ఇక ప్రయాణపు సన్నాహము. రైలులో అయిదేండ్లు నిండని బిడ్డకు వేరే బెర్తు కోరకపోతే టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నుండి పన్నెండేండ్ల లోపు పిల్లలకు, 2016 ఏప్రిల్ 21 నుండి, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. పైకము మిగులుతుందని రాత్రి ప్రయాణములో ఎదిగే పిల్లవానికి బెర్తు మానిపించకండి. నిద్ర చాలని బిడ్డ మరునాడు ఏ కోట చూపినా ఏడుస్తాడు. విమానములో రెండేండ్లు నిండిన బిడ్డకు వేరే సీటు తీసుకోవాలి. విమానము లేచేటప్పుడు, దిగేటప్పుడు చంటిబిడ్డకు పాలు పడితే చెవిపోటు తగ్గుతుంది.

పరదేశము పోవడానికి చంటిబిడ్డకైనా వేరే పాస్‌పోర్టు కావాలి. పదిహేనేండ్ల లోపువారి పాస్‌పోర్టు అయిదేండ్లకే చెల్లుతుంది గనుక తేదీ చూసుకోండి. తల్లి గాని తండ్రి గాని ఒక్కరే బిడ్డతో పోతే, రెండవవారి సమ్మతి పత్రము కొన్ని దేశాలవారు అడుగుతారు. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను కొన్ని దేశాలకు ఎల్లో ఫీవరు టీకా అవసరము. అది సాధారణముగా తొమ్మిది నెలలు నిండిన బిడ్డకే వేస్తారు. వేసిన పదవనాటి నుండి గాని పత్రము చెల్లదు. కాబట్టి టిక్కెట్టు కొనేముందు డాక్టరును అడగండి.

దారిలో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపి పట్టాలి. పొట్లము లేనిచోట ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమముగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించాలి. బిడ్డ మగతగా పడి ఉన్నా, మూత్రము రాకపోయినా, విరేచనములో రక్తము కనబడినా ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవాలి. చిట్కాలతో కాలము గడపరాదు.

అన్నిటికంటె ముఖ్యము నడక. పెద్దల నడకతో పది ఊళ్ళు చూసేచోట పిల్లల నడకతో రెండు ఊళ్ళు చూడండి. ఒకచోట నెల రోజులుంటే బిడ్డకు పాలవాడు తెలుస్తాడు, పార్కులో జతగాడు దొరుకుతాడు, నాలుగు పరభాషా మాటలు వస్తాయి. రోజుకొక ఊరు మారితే సూట్‌కేసు తప్ప ఏమీ తెలియదు. “పసివానికి ఏమి గుర్తుంటుంది?” అంటారు. ఊరి పేరు గుర్తుండకపోవచ్చు. కొత్తవారిని చూసి బెదరకుండా ఉండే గుణము వాడితో పెరుగుతుంది. మరి, మన ఒడిలో విన్న మొదటి జోలపాట మనలో ఎవరికి గుర్తున్నది? అంతమాత్రాన అది వృథా అని ఏ తల్లి అంటుంది?

నా అభిప్రాయము ఇది. బడికి పోని వయసు బిడ్డ అయితే వెంట తీసుకుపోండి. కుదురుకున్న తరువాత పిలిపించుకుంటామని రెండేండ్లు అమ్మమ్మ దగ్గర వదలకండి. పిలిపించుకునే నాటికి బిడ్డకు అమ్మమ్మే అమ్మ అవుతుంది. ఆ రోజు విమానాశ్రయములో ఇద్దరి గుండెలూ పగులుతాయి. బడికి పోయే బిడ్డ అయితే, ఏడాదికి మించిన ప్రయాణానికి ముందే బడి సంగతి తేల్చుకోండి. తేలకపోతే తేలేదాకా ఆగండి. ఊహ తెలిసిన బిడ్డను ఒక మాట అడిగి మరీ బయలుదేరండి.

పిల్లలను పంపలేక బాధపడే తాతమ్మలకు, తాతయ్యలకు కూడా ఒక మనవి. మీ భయము ప్రయాణము గురించి కాదని నాకు తెలుసు. మనుమడు తిరిగివచ్చి మీ మాట అర్థము కాక తల్లి ముఖము చూస్తాడేమోనని మీ భయము. ఆ భయము నిజమైనది. దానికి మందు పిల్లవానిని ఆపడము కాదు. షోలాపూరులో మన పిల్లలు వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు, హిందీ నేర్చి, ఇంట తెలుగు మాట్లాడటము లేదా? పసివానికి నాలుగవ భాష బరువు కాదు. వాడు బయట భాషలను తానే ఏరుకుంటాడు. ఇంటి భాషను మాత్రము పెద్దలు చేతికివ్వాలి. అందుచేత పోయేవారు అన్నము పెట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, కోప్పడేటప్పుడు తెలుగే మాట్లాడండి. ఇక్కడ ఉండేవారు వారమువారము ఫోనులో “బాగున్నావా” అని ఊరుకోక ఒక కథ సగము చెప్పి, మిగిలిన సగము వచ్చే వారానికి దాచండి. వినాలన్న ఆశతో వాడే ఫోను చేస్తాడు.

నేను పండితుడను కాను, తోచినది చెప్పాను. కొత్త సంవత్సరములో ప్రయాణము పెట్టుకున్న కుటుంబాలన్నీ క్షేమముగా పోయి లాభముగా రావాలని కోరుతున్నాను.