వెలుగు పేరు స్వెత్లానా

రష్యన్ ఆడపిల్లల పేర్లలో మన చెవికి చుట్టంలా తగిలేది స్వెత్లానా. ‘స్వెత్’ అంటే వెలుగు. మన ‘శ్వేత’కు ఆ మాట నిజంగానే దూరపు బంధువు. వినడానికి పాతకాలపు పేరులా ఉన్నా, ఇది కవులు కల్పించిన పేరు. 1813లో అచ్చయిన రష్యన్ కవి జుకోవ్‌స్కీ గాథాకవితతో జనానికి బాగా తెలిసింది. కానీ చర్చి పంచాంగంలో ఆ పేరున్న పునీతురాలు లేదు. అందుకని బాప్తిస్మానికి ‘ఫొతీనియా’ను వాడుతూ వచ్చారు. గ్రీకులో అదీ వెలుగుకు సంబంధించిన పేరే!

1917 విప్లవం తర్వాత చర్చి పట్టు సడలి, పేరు విరివిగా పాకింది. స్టాలిన్ కూతురు స్వెత్లానా. 1984లో అంతరిక్షంలో నడిచిన తొలి మహిళ సవీత్‌స్కయా పేరూ అదే. ఇంట్లో ముద్దుగా ‘స్వేతా’ అంటారు. మన వీధిలో అలా కేకేస్తే, ఏ ఇంటి అమ్మాయో ‘ఆఁ’ అని పలుకుతుంది!