బిలాసుపూరు తెలుగు కాపురములు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల వెంట విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల తెలుగు కుటుంబములు పెక్కు బిలాసుపూరు చేరినవి. అది ఎడారి కాదు. అయినను వైశాఖమున అర్పానది ఇసుకమేటయై వడగాలి వీచునపుడు, సముద్రపుగాలి నెరిగిన ఇల్లాలికి అది ఎడారియే!

రైల్వే క్వార్టరుపై సొంత సొమ్ము వెచ్చించుటకు భర్త జంకెడివాడు. ఆమె మాత్రము గోల్ బజారునకు పోయి వట్టివేళ్ల తడికలు కొనెడిది. పెరట పందిరి వేయించి, వేపమొక్క నాటెడిది. ఆదివారము పిల్లలతో రతనపురపు మహామాయ దర్శనము. సెలవు దొరికినచో నర్మద పుట్టిన అమరకంటకము. పులిహోర గిన్నె మోయువాడు సదా భర్తయే!

ఉద్యోగవిరమణ నాడు తాళములు అప్పగింపవలసినదే. పందిరి నూడదీసికొని పోవచ్చును. ముప్పదియేండ్లు నీరుపోసిన వేపచెట్టు నేమి చేయుదురు? అందుచేతనే కాబోలు, పలువురు స్వగ్రామమునకు మరలక ఆ యూరనే చిన్న యిండ్లు కట్టుకొనిరి. ఆ యిండ్ల పిల్లలు తల్లితో తెలుగును, బజారున ఛత్తీస్‌గఢీని మాటాడుదురు.