పిచర్ బ్యాట్ పట్టాలా, వద్దా?

సార్నియా నుంచి మాట్లాడుతున్నా. మా సైట్‌లో లంచ్ టైమ్ అంటే బేస్‌బాల్ గోలే. కొత్తగా వచ్చిన మన కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, పిచర్ బ్యాటింగ్‌కి రాడేంటి?"

పిచర్ అంటే మన బౌలర్ లాంటోడు. అతని బదులు కొట్టడానికే ఒకడుంటాడు, డిజిగ్నేటెడ్ హిట్టర్ అని. ఫీల్డింగ్ ఉండదు, కొట్టి వచ్చి కూర్చోవడమే. అమెరికన్ లీగ్ ఈ రూల్ 1973లో పెట్టింది. మన టొరంటో బ్లూ జేస్ ఆ లీగే. నేషనల్ లీగ్‌లో పిచర్లు చాలా ఏళ్లు బ్యాట్ పట్టారు, 2022 నుంచి అక్కడా ఇదే. పిచర్ కొట్టకూడదని కాదు, ఒహ్తానీ రెండూ చేస్తాడు. అలాంటోళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! ఐపీఎల్‌లో 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ కూడా దీనికి తమ్ముడి వరస.

నాకైతే నచ్చదు. 2024 డిసెంబర్, మెల్‌బోర్న్ టెస్ట్ గుర్తుందా? విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి 99 మీదున్నాడు. తొమ్మిదో వికెట్ పోయింది. వచ్చింది మన హైదరాబాద్ సిరాజ్, అవతల కమిన్స్. మూడు బంతులు. మూడూ ఆపాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు. సిరాజ్ బదులు అసలు బ్యాటరే దిగే రూల్ ఉంటే, మనకి అంత గుండెదడ ఎక్కడిది? పరుగు రాని ఆ మూడు బంతుల్నే నేను ఫోన్‌లో మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తుంటా.